మా ఎడమ హెడ్‌లైట్‌కి ఒక్క వాక్యం రాయండి: డిజైన్ల చట్టం చూసే పెద్దలకు ఆటోనగర్ నుంచి బహిరంగ లేఖ

ఢిల్లీలో పరిశ్రమలు, దేశంలోపలి వాణిజ్యం చూసే శాఖ డీపీఐఐటీ అధికారులకు, పేటెంట్లు, డిజైన్లు, ట్రేడ్‌మార్కులు చూసే కంట్రోలర్ జనరల్ గారికి,

నమస్కారమండీ. నేను విజయవాడ ఆటోనగర్‌లో కారు బాడీ పార్టుల కౌంటర్ నడుపుతాను. బంపర్లు, హెడ్‌లైట్లు, ఫెండర్లు, గ్రిల్లులు, సైడ్ మిర్రర్ కప్పులు, ఇవీ నా సరుకు. ఇంజన్ సామాను నాది కాదు, పక్క కొట్టు ఆయనది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని, అంతకుముందు మా నాన్న ఇదే వీధిలో లారీలకు టింకరింగ్ చేసేవాడు. చట్టాల గురించి మీకు ఉత్తరం రాసే రోజు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

కొన్నాళ్ల కిందట ఢిల్లీ కశ్మీరీ గేట్ పార్టుల మార్కెట్ నుంచి నాకు మాల్ పంపే ఆయన ఫోన్ చేసి, ఫలానా మోడల్ గ్రిల్లూ హెడ్‌లైటూ ఇక పంపనన్నాడు. ఏమయ్యా, బాకీ ఏమన్నా ఉన్నానా అంటే, అదేం కాదు, తయారుచేసే అతనికి కంపెనీ లాయరు నుంచి నోటీసు వచ్చింది, ఆ ఆకారం మీద డిజైన్ రిజిస్టరై ఉందట అన్నాడు. నాకు డిజైన్ అంటే చీర అంచు మీదుండేదో వాకిట్లో ముగ్గో తప్ప, హెడ్‌లైట్‌కి కూడా పట్టా ఉంటుందని అప్పటిదాకా తెలియదు. గుంటూరులో ప్రాక్టీసు చేసే మా మేనల్లుణ్ణి రెండు ఆదివారాలు కూర్చోబెట్టి చట్టం చదివించుకున్నాను. వాడికి రెండు పూటలా భోజనం, నాకు రెండు రాత్రులు నిద్ర లేదు.

నాకు అర్థమైంది ఇది. 2000లో చేసిన డిజైన్ల చట్టం 2001 మే నుంచి అమల్లో ఉంది. వస్తువు ఎలా పనిచేస్తుందన్నది దీనికి అక్కర్లేదు, కంటికి ఎలా కనపడుతుందన్నదే లెక్క. ఆ ఆకారం కొత్తదైతే రిజిస్టర్ చేసుకోవచ్చు, పదేళ్లు హక్కు, ఫీజు కట్టి పొడిగించుకుంటే ఇంకో అయిదేళ్లు. వస్తువు అన్న మాటకు ఆ చట్టంలో ఇచ్చిన అర్థంలోనే, విడిగా తయారుచేసి విడిగా అమ్మగలిగే భాగం కూడా వస్తుందని రాసి ఉంది. అంటే మొత్తం కారుకే కాదు, బానెట్‌కి ఒకటి, బంపర్‌కి ఒకటి, హెడ్‌లైట్‌కి ఒకటి ఇలా విడివిడిగా రిజిస్ట్రేషన్లు తీసుకోవచ్చు. పెద్ద కంపెనీకి ఒక్కో దరఖాస్తుకు ఫీజు 4000 రూపాయలు. నా కొట్టు ముందు బోర్డు రాయించుకోవడానికి అంతకంటే ఎక్కువయింది.

ఇక పదిహేనేళ్లు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. సొంత కారుకు ఆర్‌టీఓ ఆఫీసులో ఇచ్చే ఆర్‌సీ ఎన్నేళ్లండీ? అదీ పదిహేనే. అంటే కొత్త మోడల్ రాగానే కొన్నవాడి ఆర్‌సీ మొదటిసారి రెన్యువల్‌కి వచ్చేదాకా, దాదాపు ఆ బండి వయసంతా, దాని ముఖానికి దెబ్బ తగిలితే ముఖం అమ్మే హక్కు ఒక్కరిదే. గేదెను అమ్మినవాడు, దాని పలుపుతాడు కూడా పదిహేనేళ్లు నా దగ్గరే కొనాలి, నేను చెప్పిన రేటుకే కొనాలి అంటే మా ఊళ్లో ఎవరూ ఆ బేరానికి కూర్చోరు. కారు కొనేటప్పుడు మాత్రం ఈ షరతు ఉందని ఎవరికీ తెలియదు, షోరూంలో ఎవరూ చెప్పరు.

మీరు అనొచ్చు, ఇంకొకరు కష్టపడి గీసిన ఆకారాన్ని నువ్వు కాపీ కొట్టి అమ్ముతానంటే ఎలాగయ్యా అని. న్యాయమే. ఒక కంపెనీ కారు ముఖాన్ని ఇంకో కంపెనీ తన కారుకు తగిలించుకుంటే అది దొంగతనమే, పట్టుకోండి, వాళ్లకి వేరే ముఖం గీసుకోవడానికి దారులు బోలెడున్నాయి. నా దగ్గరకొచ్చే మనిషికి ఆ దారి లేదండీ. కుడివైపు హెడ్‌లైట్ బాగానే ఉంది, ఎడమది పగిలింది. ఆ ఎడమవైపు పట్టేది ప్రపంచంలో ఒకే ఒక్క ఆకారం. కాస్త వేరుగా, ఇంకా అందంగా ఉన్న హెడ్‌లైట్ ఎవరైనా ఉచితంగా ఇచ్చినా అది ఆ గాడిలో కూర్చోదు, కూర్చున్నా బండి మెల్లకన్ను పెట్టినట్టుంటుంది. డిజైన్ చట్టం పోటీని ఆపదు, వేరే డిజైన్ చేసుకోమంటుంది అని మా మేనల్లుడు పుస్తకం చూసి చెప్పాడు. రిపేరు దగ్గర ఆ మాట చెల్లదు, వేరే డిజైన్ చేస్తే అది ఆ బండి పార్టే కాదు.

ఇంకో తమాషా చూడండి. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, బేరింగులు, ఫిల్టర్లు, మనిషి ప్రాణం వీటి మీద ఉంటుంది. ఇవి లోపల ఉంటాయి, కంటికి కనపడవు, పనిని బట్టే వాటి ఆకారం. అందుకని వీటి మీద ఈ పేచీ రాదు, పక్క కొట్టాయన దగ్గర ఒక్క బ్రేక్ ప్యాడ్‌కే నాలుగైదు కంపెనీల సరుకుంటుంది, కస్టమరు బేరమాడి తీసుకెళ్తాడు. బండిని ఆపే వస్తువుకు పోటీ ఉండొచ్చట, బండి మూతికి మాత్రం ఉండకూడదట. నాణ్యత కోసమే ఈ హక్కు అని చెప్పేవాళ్లు ఈ ఒక్కదానికి నాకు జవాబు చెప్పాలి.

మా నాన్న కాలంలో ఈ బాధ లేదు. అంబాసిడర్ బంపర్ ఇనుముది, సొట్టపడితే విప్పి, వెనక దిమ్మె పెట్టి, ముందు సుత్తితో కొట్టి, సాయంత్రానికి మెరుగు పెట్టించి బిగించేవాళ్లు. పార్టు కొనడం ఆఖరి మాట. ఇప్పుడు బంపర్ ప్లాస్టిక్, హెడ్‌లైట్ ప్లాస్టిక్, గ్రిల్లు ప్లాస్టిక్. బంపర్ చీలితే మా వీధి కుర్రాళ్లు వేడి పిన్నులు దించి, లోపల జాలీ వేసి, ప్లాస్టిక్ కరిగించి అతికేస్తారు, పైన పుట్టీ పెయింటూ పడితే మీరు కళ్లద్దాలు పెట్టుకుని వెతికినా కనపడదు. హెడ్‌లైట్ చెవి విరిగితే చెవి కూడా అతుకుతారు. గ్లాసు పగిలినా, లోపల రిఫ్లెక్టర్ పాడైనా ఇక అతుకు లేదు, మొత్తం అసెంబ్లీ మార్చాల్సిందే. చేతిపనితో అయ్యేది తగ్గిపోయి, కొని బిగించేది పెరిగింది. ఆ కొనే దగ్గరే ఇప్పుడు ఈ కాపలా.

2024 సెప్టెంబరు 1 ఆదివారం మీకు వార్తల్లో గుర్తుండే ఉంటుంది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. నీళ్లు తీశాక మా ఆటోనగర్‌కి బండ్లు బారులు తీరాయి, సీట్ల కింద బురద, హెడ్‌లైట్లలో బురద. హెడ్‌లైట్ లోపల సగందాకా గోధుమరంగు నీళ్లు నిలిచి ఉంటే అక్వేరియంలా ఉండేది, నవ్వకూడదు గానీ మా కుర్రాడు నవ్వాడు. ఒక క్యాబ్ అబ్బాయి వచ్చాడు, ఇల్లూ మునిగింది, బండీ మునిగింది. వైరింగు ఎలాగో బాగుచేయించుకున్నాడు. హెడ్‌లైట్లు రెండూ మార్చాలి. అతను కారు కొన్న షోరూంలో ఒక్కోటి 14,000 చెప్పారు, అదీ నెల రోజులు ఆగమన్నారు. నా దగ్గర బయట తయారైనది 5,500, ఆ పూటే ఉంది. అతను రెండూ బిగించుకుని మర్నాడు ట్రిప్పుకి పోయాడు. అదే ఇవాళ వస్తే, ఆ మోడల్‌కి నా దగ్గర లేదని చెప్పి పంపాలి, ఎందుకంటే నోటీసు వచ్చింది సరిగ్గా దాని మీదే.

ఇన్సూరెన్సు ఉంటుందిగా అంటారు. ఆ లెక్క చాలామందికి క్లెయిమ్ రోజునే తెలుస్తుంది, అందుకని ఇక్కడే చెబుతాను. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు బండి కొత్తదైనా సరే 50 శాతం తరుగు తీసేస్తారు. అంటే బంపర్ రేటులో సగం మన జేబులోంచే. ఇనుప భాగాలకు వయసును బట్టి, అయిదేళ్లు దాటితే 40 శాతం, పదేళ్లు దాటితే 50. తరుగు తీయని జీరో డెప్ పాలసీ తీసుకుంటే ఈ బాధ ఉండదు, పాత బండికి అది దొరకడం కష్టం. ఇంకోటి కూడా ఉంది. రిపేరు ఖర్చు బండికి కట్టిన విలువలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద రాసేస్తారు. ఎనిమిదేళ్ల బండి ముందు భాగం గుద్దుకుంటే బానెట్టు, బంపరు, రెండు లైట్లు, గ్రిల్లు, ఫెండరు అన్నీ కంపెనీ రేట్లే వేసేసరికి, ఇంజను నిక్షేపంగా ఉన్న బండి కూడా తుక్కుకి పోతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

మన దేశంలో ఇది ఎవరూ పట్టించుకోలేదని కాదు. కార్ల కంపెనీలు విడిభాగాలు బయట దొరక్కుండా చేస్తున్నాయని వచ్చిన ఫిర్యాదు మీద వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న తీర్పిచ్చి 14 కంపెనీలకు దాదాపు 2545 కోట్ల జరిమానా వేసింది. కారు కొన్నాక ఆ కారు పార్టులకు ఆ కంపెనీయే రాజు, ఇంకో బ్రాండు పార్టు తెచ్చి పెట్టుకునే వీలు లేదు కాబట్టి అదో విడి మార్కెట్టు అని తేల్చింది. కంపెనీలు మేధో హక్కుల పేరు చెప్పి తప్పించుకోబోతే, మీ హక్కులకు కాయితాలు చూపించలేదుగా అని పక్కన పెట్టింది. పార్టులు చేసిచ్చే సప్లయర్లను బయట అమ్ముకోనివ్వమంది. అదే తీర్పులో, నిజంగా హక్కులు ఉన్న పార్టులకైతే కాంట్రాక్టు రాసుకుని రాయల్టీ తీసుకోవచ్చని కూడా ఉంది. తర్వాత అప్పీళ్లు, ట్రిబ్యునళ్లు, స్టేలు, ఆ కథ మీకే బాగా తెలుసు. నేను చెప్పొచ్చేది, ఆ రాయల్టీ మాట దగ్గర తలుపు కొంచెం తెరిచే ఉండిపోయింది. అప్పట్లో చూపించడానికి కాయితం లేనివాళ్లు, దరఖాస్తుకు నాలుగు వేలు కట్టి కాయితం తెచ్చుకోవడం మీ ఆఫీసులోనేగా. కాంపిటీషన్ వాళ్లు ఒక తలుపు తెరిస్తే డిజైన్ల చట్టం ఇంకో తలుపు మూయడం ఒకే ఇంట్లో జరుగుతోంది.

వినియోగదారుల శాఖ 2022లో రైట్ టు రిపేర్ అని కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబరులో పోర్టలూ పెట్టింది, అందులో వాహనాలూ ఉన్నాయి. సంతోషం. పోర్టల్లో ఫోన్ నంబర్లు పెట్టినంత మాత్రాన డిజైన్ల చట్టంలో, డిజైన్ కాపీని పైరసీ అని పట్టుకునే సెక్షన్ 22 మారదుగా.

ఆ సెక్షన్ 22 నాలాంటివాడికి ఎలా కనపడుతుందో కూడా చెబుతాను. తయారుచేసినవాడే కాదు, తెలిసి అమ్మకానికి పెట్టినవాడు కూడా దోషే. ఒక్కో తప్పుకు 25,000, ఒక డిజైన్ మీద మొత్తం 50,000 దాకా కట్టించుకోవచ్చు, లేదా నష్టపరిహారానికి దావా వేసి, అమ్మకుండా ఇంజంక్షన్ తెచ్చుకోవచ్చు. యాభై వేలు కట్టి బయటపడతాం, ఇంజంక్షన్ వస్తే గోడౌన్లో సరుకంతా చెత్త. సరే, ఈ డిజైన్ కొత్తదేం కాదు, రిజిస్ట్రేషనే చెల్లదు అని మేము వాదిస్తే? అలా వాదించగానే కేసు జిల్లా కోర్టు నుంచి హైకోర్టుకు పోవాలని చట్టంలో ఉంది. మా హైకోర్టు నేలపాడులో, ఆటోనగర్ నుంచి మరీ దూరం కాదు. హైకోర్టు లాయరు ఫీజు మాత్రం చాలా దూరం. అందుకే నోటీసు రాగానే అందరూ, తప్పు ఉన్నా లేకున్నా, సరుకు ఆపేస్తారు. కోర్టు ఏం చెప్పేదో తెలియకముందే తీర్పు అయిపోతోంది.

అమెరికాలో దీని మీద కోర్టుదాకా వెళ్లి కొట్లాడారు. ఫోర్డు ఎఫ్-150 అని అక్కడ బాగా అమ్ముడయ్యే పికప్, దాని బానెట్టూ హెడ్‌లైటూ మీద ఉన్న డిజైన్ పేటెంట్లు, అంటే మన డిజైన్ రిజిస్ట్రేషన్ లాంటివి, చెల్లవని బయట పార్టులవాళ్ల సంఘం వాదించింది. జతకు సరిపోయేలా కనపడటమే ఈ పార్టు పని, కాబట్టి ఆ ఆకారం అందం కిందకు రాదు, పని కిందకే వస్తుంది అన్నారు. బండి అమ్మినప్పుడే దాని మీద హక్కు అయిపోయింది, ఇక రిపేరుకు అడ్డేమిటి అనీ అన్నారు. 2019లో పేటెంట్ల అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు రెండూ ఒప్పుకోలేదు. డిజైన్ పేటెంటు రద్దు చేయించడానికి పెట్టే పరీక్షను అదే కోర్టు 2024 మేలో, జీఎం ఫెండరు మీద నడిచిన కేసులో కాస్త సడలించింది గానీ, రిపేరుకు విడిగా మినహాయింపు లేదు. రిపేరు పార్టులకు హక్కును రెండున్నరేళ్లకు కుదించాలని వాళ్ల కాంగ్రెస్‌లో బిల్లు ఎన్నోసార్లు పెట్టారు, ఒక్కసారీ చట్టం కాలేదు. దీన్నిబట్టి నాకు తెలిసిందేమంటే, చట్టంలో మాట లేకపోతే కోర్టు దాన్ని పుట్టించి ఇవ్వదు. అందుకే జడ్జీలకు కాకుండా మీకు రాస్తున్నాను.

యూరప్ వేరే దారి పట్టింది. పెద్ద పెద్ద కార్ల కంపెనీలు పుట్టిన జర్మనీయే 2020 డిసెంబరు నుంచి, కొత్తగా రిజిస్టరయ్యే డిజైన్లకు రిపేరు మినహాయింపు పెట్టింది. 2024 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ మొత్తానికి కొత్త డిజైన్ చట్టం వచ్చింది, అతికితే అసలుదానిలాగే కనపడాల్సిన పార్టులను రిపేరు కోసం ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు, అది ఎవరు చేశారో కొనేవాడికి స్పష్టంగా తెలియాలి, అంతే. అప్పటిదాకా రక్షణ ఇస్తున్న దేశాలకు 2032 డిసెంబరు దాకా గడువిచ్చారు. ఇంగ్లండులో 1986లోనే, అప్పట్లో అక్కడి ఆఖరి కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక కారు సైలెన్సరు గొట్టం కేసులో, కారు అమ్మినవాడు ఆ కారును రిపేరు చేసుకోనివ్వకుండా తర్వాత అడ్డుపడకూడదని చెప్పింది. మా నాన్న చదువుకోలేదు గానీ ఇదే మాట చెప్పేవాడు, అమ్మిన వస్తువు మీద చెయ్యేస్తే చెయ్యి విరుస్తారు అని.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆస్ట్రేలియా వాళ్లది. 2003 నాటి వాళ్ల డిజైన్ల చట్టంలో సెక్షన్ 72. బండి రూపాన్ని మొదట ఉన్నట్టు తిరిగి తెచ్చుకోవడానికి వాడే పార్టు అయితే అది ఉల్లంఘన కాదు. పైగా, ఇది రిపేరు కోసం కాదని అమ్మినవాడికి తెలుసు అని నిరూపించాల్సిన బాధ్యత డిజైన్ సొంతదారు మీదే పెట్టారు. ఇది ఎంత పెద్ద మాటో మీకు ఏసీ గదిలో తట్టకపోవచ్చు. నా కౌంటర్లోకి వచ్చి బంపర్ అడిగిన ప్రతివాడినీ, బాబూ నీ బండి నిజంగా గుద్దుకుందా, ఫోటో చూపించు అని నేను అడగలేను కదా.

మా వైపు తప్పులూ చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం ఏకపక్షమవుతుంది. ఆటోనగర్‌లో 'డూప్లికేట్' అన్న ఒక్క మాట కింద రెండు రకాల సరుకు నడుస్తోంది. ఒకటి, ఎవరో చేసి తమ పేరే వేసి అమ్మే పార్టు. రెండోది, ఎవరో చేసి కంపెనీ డబ్బా, కంపెనీ హోలోగ్రాం అంటించి ఒరిజినల్ రేటుకు అమ్మేది. రెండోది మోసం, దానికి ట్రేడ్‌మార్కు చట్టం ఉంది, రండి, దాడి చేయండి, నేనే వీధి చూపిస్తాను. వాళ్ల వల్ల మాకే చెడ్డపేరు. ఇంకా, బయట సరుకులో గ్యాపులు సరిగ్గా రానివీ, ఏడాదికే పచ్చబడే లైట్లూ ఉన్నాయి, నేనూ అలాంటివి తెచ్చి తిట్లు తిన్నాను. దానికి మందు నాణ్యత ప్రమాణాలు. కారు అద్దానికి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు, ఆ మార్కు ఉన్న అద్దం ఎవరు చేసినా అమ్ముకోవచ్చు, ఏ కంపెనీ కొంప మునగలేదు. హెడ్‌లైట్‌కీ బానెట్‌కీ అలాగే పరీక్షలు పెట్టండి, ఫెయిలైనవాణ్ణి మూయించండి. డిజైన్ రిజిస్టరులో ఉన్న హక్కు మాత్రం బానెట్టు గట్టిదా కాదా అని చూడదు, ఎవరు చేశారన్నదే చూస్తుంది.

కంపెనీలు డిజైనర్లకు, అచ్చులకు కోట్లు పెడతాయి, అది కాదనను. ఆ ఖర్చు కారు రేటులో ఒకసారి తీసుకున్నారు. ముఖం బాగుందనే మేమూ కొన్నాం. గుద్దిన ప్రతిసారీ అదే ముఖానికి మళ్లీ కట్టమంటేనే మా గొడవ. షోకు కోసం వేరే బంపర్లు, స్పాయిలర్లు తగిలించుకునేవాళ్ల సంగతి నేను మాట్లాడట్లేదు, అది రిపేరు కాదు, దానికి మినహాయింపు అడగను.

కాబట్టి నేను కోరేది ఇంతే. డిజైన్ల చట్టాన్ని ఈసారి సవరణకు తెరిచినప్పుడు, సెక్షన్ 22 కింద ఒక వాక్యం చేర్చండి. పెద్ద వస్తువులో భాగమైన దాన్ని, ఆ వస్తువు రూపాన్ని ముందున్నట్టు బాగుచేయడానికి తయారుచేసినా, తెప్పించినా, అమ్మినా అది పైరసీ కాదు, తయారుచేసినవాడి పేరు పార్టు మీదా బిల్లు మీదా ఉండాలి, రిపేరు కోసం కాదని నిరూపించే భారం డిజైన్ సొంతదారుదే. భాష మీరు సరిచేసుకోండి, మా మేనల్లుడు రాసిచ్చిన ఇంగ్లిషు ముసాయిదా కూడా వేరే కవర్లో రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. ఒక్కసారిగా కుదరదంటే యూరప్ లాగా కొన్నేళ్లు గడువిచ్చి చేయండి. అభిప్రాయాలు అడిగేటప్పుడు ఢిల్లీ, ముంబై సంఘాలనే కాకుండా విజయవాడ, గుంటూరు ఆటోనగర్లనూ పిలవండి, రైలు టిక్కెట్టు మేమే కొనుక్కుంటాం.

మా విజయవాడ, గుంటూరు ఎంపీ గార్లకు కూడా ఈ ఉత్తరం కాపీ పెడుతున్నాను. పార్లమెంటులో ఒక్క ప్రశ్న అడగండి సార్, రిజిస్టరైన డిజైన్లలో కారు విడిభాగాలవి ఎన్ని, వాటిలో ఎన్నింటి మీద చిన్న దుకాణాలకు నోటీసులు వెళ్లాయి అని.

ఢిల్లీ సారు మొన్న మళ్లీ ఫోన్ చేశాడు, ఇంకో మోడల్ ఫెండర్లు కూడా ఈ లాట్‌తో ఆఖరు, కావాలంటే ఇప్పుడే చెప్పు అన్నాడు. ఎడమవి పన్నెండు, కుడివి ఎనిమిది చెప్పాను. మా ఊళ్లో ఎడమవైపే ఎక్కువ పోతాయి, ఆటోలు అటునుంచే దూరతాయి.

ఇట్లు,
ఆటోనగర్‌లో బాడీ పార్టుల కౌంటర్ నడిపే ఒక విజయవాడ మనిషి